రిమినిలో శనివారం

నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. కాకినాడలో ఇరవై రెండేళ్లు మెస్ నడిపాను. ఆ టైముకి లేచి పొయ్యి వెలిగించకపోతే ఏడున్నరకల్లా నూట ఇరవై మంది పిల్లలకు టిఫిన్ అందదు. మెస్ మూసేసి ఏడాది దాటింది, ఒంటికి ఆ సంగతి ఇంకా తెలియలేదు. పక్క మంచం మీద చిన్నోడు మంచి నిద్రలో ఉన్నాడు. వాడు ఇటలీలో, బొలోన్యాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. నన్ను అక్కడికి రప్పించుకుని, నాలుగు రోజులు సముద్రం దగ్గర ఉందామని రిమిని తీసుకొచ్చాడు. రైల్లో గంటన్నర ప్రయాణం.

కిటికీకి పలకల షట్టర్ ఉంది. గోడ పక్కనున్న పట్టీ లాగితే చుట్టుకుంటూ పైకి పోతుంది. చప్పుడుకి వాడు లేస్తాడని సగం దాకా లేపి, వంగి బాల్కనీలోకి వెళ్లాను. ఒక ప్లాస్టిక్ కుర్చీ, తడి బట్టలు ఆరేసుకునే స్టాండు, అంతే పట్టే బాల్కనీ. సముద్రం కనిపించే గదులు ముందు వైపున్నాయి, వాటికి అద్దె ఎక్కువ. మాది వెనక వైపు. కింద హోటల్ వంటింటి పెరడు, అందులో కూరగాయల పెట్టెలు.

వంటింట్లో లైటు వెలుగుతోంది. ఐదు కూడా కాలేదు. తలుపు దగ్గర స్టూలు వేసుకుని ఒక పెద్దావిడ వంకాయలు కోస్తోంది. తెల్ల ఏప్రాన్, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు. తల ఎత్తకుండా, కత్తి వంక చూడకుండా ఒకే మందంలో చక్రాలు పడేస్తోంది. అలా కోయడం ఏళ్ల తరబడి కోస్తే తప్ప రాదు. చాలాసేపు అక్కడే నిలబడి చూశాను. ఆమె ఈ హోటల్ ఓనరు తల్లి. అందరూ నోన్నా అంటారు, అంటే బామ్మ. ఎనభై ఆరేళ్లట.

ఇది రెండు నక్షత్రాల హోటల్. ఇరవై ఎనిమిది గదులు, ఇద్దరు పట్టే లిఫ్టు. బాత్రూంలో షవరుకి అడ్డం ఒక కర్టెన్ మాత్రమే ఉంటుంది, కాబట్టి స్నానం చేస్తే నేలంతా తడుస్తుంది. నాకది ఇబ్బందిగా లేదు, మన బాత్రూములూ అంతేగా. గది తాళానికి అరచేతిలో పట్టనంత ఇత్తడి గుండు తగిలించి ఉంది. బయటికి వెళ్తూ రిసెప్షన్లో ఇచ్చేసి వెళ్తాం. తిరిగొచ్చేసరికి నోరు తెరిచి నంబరు చెప్పకముందే ఓనరు ఇరవై మూడో నంబరు తాళం తీసి చేతిలో పెడుతుంది. వచ్చిన మర్నాటి నుంచీ ఇంతే.

ఆరుంపావుకి ఇద్దరం సముద్రానికి వెళ్లాం. మూడు సందులు దాటితే ఇసుక. ఇక్కడ కూడా తూర్పున సముద్రమే, సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. అదొక్కటి చూడగానే ప్రాణం కుదుటపడింది. అలలు కూడా కాకినాడలో లాగా మెత్తగానే ఉన్నాయి. మనకు హోప్ ఐలాండ్ అడ్డం ఉంది, వీళ్లకు ఒడ్డుకి కొంచెం దూరంలో వరసగా పేర్చిన బండరాళ్లు అడ్డం. చాలా దూరం నడిచినా నీళ్లు నడుము దాటవు. ఒక ట్రాక్టరు వెనకాల పెద్ద పళ్ల చట్రం లాగుతూ ఇసుక దువ్వుతోంది. ముందురోజు అడుగులన్నీ చెరిగిపోయి ఒడ్డంతా దుక్కి చేసిన చేనులా ఉంది.

టిఫిన్ అంటే ఇక్కడ తీపే. జామ్ పెట్టిన బ్రెడ్డు ముక్కలు, కాఫీ. ఈ రోజు హాల్లో సందడి ఎక్కువ, శనివారం కదా. ఇక్కడి జనం వారం లెక్కన గదులు తీసుకుంటారు, శనివారం మారతారు. పాతవాళ్లు పెట్టెలు దించుతుంటే ఓనరు కూతురు దుప్పట్లు మార్చడానికి పైకి పరిగెడుతోంది. మా పక్క బల్ల భార్యాభర్తలు కూడా ఇవాళే వెళ్లిపోయారు. ముప్పై ఏళ్లుగా ఏటా ఇదే హోటల్‌కి, ఇదే వారంలో వస్తారట. ఆవిడ వెళ్లేముందు వంటింట్లోకి వెళ్లి నోన్నాని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుని వచ్చింది. కళ్లు తుడుచుకుంటోంది. చుట్టాలింటికి వచ్చి వెళ్తున్నట్టే ఉంది.

వెయ్యి దాకా హోటళ్లున్న ఊరిది. 1843లోనే ఇక్కడ సముద్ర స్నానాల కోసం కట్టడం కట్టారు, 1908లో పెద్ద తెల్లటి గ్రాండ్ హోటల్ వచ్చింది. కానీ ఈ సందుల్లోని చిన్న హోటళ్లన్నీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాతవే. బాంబులకు ఊళ్లో చాలా భాగం నేలమట్టమైపోతే, జనం ఇల్లు కట్టుకుంటూ రెండు గదులు ఎక్కువ వేసుకున్నారు. ఎండాకాలం వాటిని అద్దెకిచ్చి, వచ్చినవాళ్లకి ఇంట్లోనే వండి పెట్టారు. మొగుడు లెక్కలు చూస్తే, పిల్లలు వడ్డిస్తే, వంట ఇంటావిడది. ఆ ఇంటి పెద్దమ్మని ఇక్కడి యాసలో అజ్దోరా అంటారట. చిన్నోడు ఆ మాట చెప్పినప్పుడు రెండు మూడుసార్లు అనుకున్నాను, నోటికి బాగుంది. నోన్నా కూడా 1962లో తొమ్మిది గదులతో మొదలుపెట్టిందట.

యుద్ధం మాట వచ్చింది కాబట్టి ఇదీ రాసుకోవాలి. నిన్న పక్కనే ఉన్న చిన్న దేశం సాన్ మరీనోకి బస్సులో వెళ్తుంటే దారి పక్కన సమాధుల తోట కనిపించింది. గూర్ఖా సైనికులది. బ్రిటిష్ వాళ్ల తరఫున వచ్చి ఇక్కడ పోరాడి చనిపోయిన మన దేశపు సైన్యం వాళ్లు ఆరు వందల మందికి పైగా ఉన్నారు అక్కడ. తిరుగు ప్రయాణంలో దిగాం. రాళ్ల మీద దేవనాగరి అక్షరాలు చూసి అడుగు ముందుకు పడలేదు. 1944 సెప్టెంబరులో ఈ ఊరు జర్మన్ల చేతుల్లోంచి విడుదలైంది. రాళ్ల మీద చాలా మరణాలు ఆ చుట్టుపక్కల నెలలవే. ఇరవై, ఇరవై రెండు ఏళ్ల పిల్లలు. మా మెస్‌లో తిన్న పిల్లల వయసు. వాళ్ల అమ్మలకు కబురు ఎన్నాళ్లకి చేరిందో.

పదింటికి మళ్లీ ఇసుక మీదికి. ఇక్కడ ఒడ్డుని ముక్కలు ముక్కలుగా పంచుకుని నడుపుకుంటారు. ఒక్కో ముక్కకి ఒక బాన్యో, దానికో నంబరు. పోర్టు దగ్గర ఒకటితో మొదలై దక్షిణాన నూట యాభై దాకా పోతాయి. ఒక్కో బాన్యోకి ఒక్కో రంగు గొడుగులు, వరసలు కట్టి పాతేసి ఉంటాయి. మా హోటల్ వాళ్లకి ఒక బాన్యోతో ఒప్పందం ఉంది, కాస్త తగ్గించి ఇస్తారు. మాది ఐదో వరసలో నీలం గొడుగు. సీజను అయిపోవస్తోంది కాబట్టి సగం గొడుగులు ముడిచే ఉన్నాయి.

నేను చీర కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకుని నీళ్లలో నిలబడ్డాను. ఎవరూ వింతగా చూడలేదు. ఒక చిన్న పిల్ల మాత్రం కొంగు అంచు పట్టుకుని చూసి నవ్వింది.

అప్పుడు వినిపించింది కేక. "కొక్కో బెల్లో! కొక్కో ఫ్రెస్కో!" కొబ్బరి అమ్మేవాడు! చేతిలో బకెట్టు, అందులో నీళ్లు, నీళ్లలో కొబ్బరి ముక్కలు. చిన్నోడు రెండు ముక్కలు కొన్నాడు. నా పుట్టిల్లు అంబాజీపేట దగ్గర. కొబ్బరి తోటలోనే పెరిగాను. ఇటలీలో సముద్రం ఒడ్డున ఎవరో నాకు కొబ్బరి ముక్క అమ్ముతారని కలలో కూడా అనుకోలేదు. బాగా ముదిరిన కాయ, నీళ్లలో నాని కొంచెం తీపి తగ్గింది. అయినా ఆ ముక్క కొరకగానే మా నాన్న కాయ పీచు తీసి నా చేతికిచ్చిన గుర్తు వచ్చింది. నెమ్మదిగా, చివరి దాకా నమిలాను.

మధ్యాహ్నం భోజనం హోటల్లో లేదు, మేం తీసుకున్నది పొద్దున టిఫిను, రాత్రి భోజనమే. చారల కియోస్కు దగ్గర పియాదినా తిన్నాం. మైదా రొట్టె, పెనం మీద కాలుస్తారు. రిమిని వైపు పల్చగా, వెడల్పుగా చేస్తారు, ఉత్తరానికి వెళ్తే మందంగా ఉంటుందట. పిండిలో మామూలుగా పంది కొవ్వు కలుపుతారు, అడిగితే కొన్నిచోట్ల ఆలివ్ నూనెది ఉంటుంది. శనివారం నేను నీసు ముట్టను, చిన్నోడు రెండుసార్లు అడిగి మరీ నూనెది చెప్పాడు. లోపల మెత్తటి జున్నులాంటి చీజు, చేదు ఆకుకూర. వేడి వేడిగా ఉంటే రెండు లాగించాను.

సాయంత్రం హోటల్ వాళ్ల సైకిలు మీద చిన్నోడు ఊళ్లోకి వెళ్లొచ్చాడు. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ల వంతెన ఇంకా చెక్కుచెదరకుండా ఉందట, ఫోటో చూపించాడు. నేను వెళ్లలేదు. హోటల్ ముందు అరుగు మీద కూర్చుని వచ్చేవాళ్లని చూశాను.

ఏడున్నరకి గంట కొట్టారు. అసలు నేను రాయాలనుకున్నది దీని గురించే.

మా బల్ల కిటికీ పక్కన. మొదటి రోజు ఎక్కడ కూర్చోబెట్టారో, వెళ్లేదాకా అదే. బల్ల మీద ఒక చిన్న గుడ్డ సంచీ ఉంటుంది, బెత్తెడు వెడల్పు, మీద ఎర్ర దారంతో 23 అని కుట్టి ఉంటుంది. లోపల మనం నిన్న వాడిన చేతిగుడ్డ. తిన్నాక మడిచి మళ్లీ అందులో పెట్టేస్తే మర్నాడు అదే వస్తుంది. నిన్న సగం తాగి వదిలేసిన నీళ్ల సీసా కూడా అలాగే వచ్చింది, లేబుల్ మీద పెన్నుతో 23. ఒక్క చుక్క వృథా లేదు, ఒకరిది ఒకరికి మారదు. ఆ సంచీ కుట్టు చూశాను. రెండు అంకెలకీ దారం పాతబడి ఒకచోట ఊడితే, వేరే ఎరుపుతో మళ్లీ కుట్టారు. ఎవరు కుట్టి ఉంటారో అడగక్కర్లేదు.

ఇంకొకటి, చీటీ. ప్రతి రాత్రీ భోజనం మధ్యలో రేపటి వంటల చీటీ ఇస్తారు. మొదటి వంటకం మూడు రకాలు, రెండోది మూడు రకాలు, కావాల్సిన దానికి టిక్కు పెట్టాలి. మెస్ నడిపినవాళ్లకి తెలుస్తుంది దీని విలువ. ఎంతమంది వస్తారు, ఏది తింటారు, ఎంత ఎసరు పెట్టాలి? ఇరవై రెండేళ్లు నా రాత్రి నిద్ర ఈ లెక్కల్లోనే పోయింది. తగ్గితే పిల్లలు ఆకలితో లేస్తారు, మిగిలితే డబ్బు పోతుంది. ఇక్కడ పడుకునేలోపే వంటింటికి రేపటి లెక్క తెలిసిపోతుంది.

నిన్న శుక్రవారం నెత్తళ్ళు కాల్చి పెట్టారు, నేనూ తిన్నాను. ఇవాళ నాకు టమాటా, తులసి లాంటి ఆకు వేసిన పాస్తా. తర్వాత నూనెలో వేగిన వంకాయ చక్రాలు, పైన వెల్లుల్లి. తెల్లవారుజామున నేను చూసిన వంకాయలు! ప్లేటు నా ముందు పెట్టినప్పుడు కాసేపు చెయ్యి పెట్టలేదు. నాకోసం ఒకరు ఐదింటికి లేచి కూర కోసి, వండి, నేను కూర్చున్న చోటికి తెచ్చి పెట్టడం నా జీవితంలో ఎప్పుడు జరిగింది? పురుళ్లప్పుడు అమ్మ చేసింది. ఆ తర్వాత గుర్తులేదు. పెళ్లిళ్లలో కూడా వంటల దగ్గరే ఉండేదాన్ని.

"ఏంటమ్మా, బాలేదా?" అన్నాడు చిన్నోడు.

"చాలా బాగుంది నాన్నా. నోన్నాకి చెప్పాలి, నన్ను వంటింట్లోకి రానిస్తారేమో అడుగు."

రానిచ్చారు. తొమ్మిదిన్నర అయింది, ఆమె ఇంకా స్టీలు బల్ల తుడుస్తోంది. చిన్నోడు నా గురించి చెప్పాడు, రోజూ నూట ఇరవై మందికి వండేదని. ఆమె గుడ్డ పక్కన పెట్టి, నా కుడి చెయ్యి తీసుకుని, తిప్పి, చూపుడు వేలి పక్కన కత్తి రాసుకుని గట్టిపడిన చోట బొటనవేలితో నొక్కి చూసింది. తన చెయ్యి చాపి అదే చోట చూపించింది. మే నుంచి సెప్టెంబరు దాకా ఒక్క రోజు సెలవు లేదట. నెలాఖరుకి హోటల్ మూసేసి, షట్టర్లన్నీ దించేస్తారు. అప్పుడు ఏం చేస్తారని అడిగించాను. మొదటి వారం నిద్ర పట్టదట, ఐదింటికే మెలకువ వచ్చేస్తుందట.

అవును, నాకూ అంతే అన్నాను. తెలుగులోనే అన్నాను.

మోకాళ్లకి ఏం రాసుకుంటున్నారని అడిగింది. చెప్పాను. నువ్వుల నూనె వేడి చేసి రాసుకోమని చిన్నోడితో కాగితం మీద రాయించి ఇచ్చాను. ఆమె దాన్ని మడిచి ఏప్రాన్ జేబులో పెట్టుకుంది. రేపు పొద్దున పిండి తడుపుతుందట, ఆదివారం కదా, చేత్తో చేసిన పాస్తా. చూడాలనుంటే రమ్మంది.

పైకి వచ్చేముందు బల్ల దగ్గర ఆగాను. చేతిగుడ్డ మడత సరిగ్గా లేదు, తీసి నాలుగు మడతలు పెట్టి సంచీలో దోపాను. ఎల్లుండి ప్రయాణం. రేపటి చీటీలో టమాటా పాస్తాకి టిక్కు పెట్టి ఉన్నాను, కొట్టేసి చేత్తో చేసిన దానికి పెట్టాను.