న్యూట్రల్ ఊడితే వోల్టేజి ఎందుకు పెరుగుతుంది?

ఇంటికి కరెంటు తెచ్చే ఫేజు తీగ తెగితే ఇల్లు చీకటవుతుంది, అంతే. టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయేది ఎక్కువగా ఆ కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ ఊడినప్పుడు.

230 వోల్టుల సరఫరాలో వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సాధారణంగా నాలుగు తీగలు బయల్దేరతాయి. మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. ఏ రెండు ఫేజుల మధ్య కొలిచినా 400 వోల్టులు, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230. సింగిల్ ఫేజు ఇళ్లను మూడు ఫేజులకూ పంచుతారు. న్యూట్రల్ మాత్రం అందరికీ ఉమ్మడి.

ఆ ఉమ్మడి తీగ ఊడిందంటే, వేర్వేరు ఫేజుల మీదున్న రెండు ఇళ్లు 400 వోల్టుల మధ్య సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా పడతాయి. ఒక ఇంట్లో 2300 వాట్ల గీజరు నడుస్తోందనుకోండి, దాని నిరోధం 23 ఓములు. రెండో ఇంట్లో 230 వాట్ల లోడు, అంటే 230 ఓములు. లెక్క కడితే గీజరు ఇంటికి దక్కేది 36 వోల్టులు, రెండో ఇంటి మీద పడేది 364. పొదుపుగా వాడేవాళ్లకే దెబ్బ!

అంత జరుగుతున్నా ఎంసీబీ (కరెంటు మితిమీరితే సరఫరా ఆపే స్విచ్) పడదు. అది చూసేది కరెంటుని, ఇక్కడ పారేది 1.6 ఆంపియర్లే. వెళ్లిన కరెంటంతా తిరిగొస్తోంది కాబట్టి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) కూడా కదలదు. దీన్ని పసిగట్టి సరఫరా కోసేది ఓవర్ వోల్టేజి ప్రొటెక్టరు.

చాలాసార్లు తీగ తెగదు, జాయింటు లూజవుతుంది. అల్యూమినియం తీగను రాగి తీగతో నేరుగా మెలిపెడితే తేమకు తుప్పు పడుతుంది, వేడికి వదులవుతుంది. అలాంటిచోట రెండు వేర్వేరు లోహాల తీగలను కలిపేందుకు చేసిన బైమెటాలిక్ కనెక్టరే వాడాలి. ముందే తెలిసే గుర్తు ఒకటుంది: పెద్ద లోడు వేసినప్పుడు బల్బు కాస్త మసకబారడం మామూలే, వేరే ఫేజు మీద పెద్ద లోడు పడినప్పుడు ఇంకా ప్రకాశంగా వెలిగిందంటే మాత్రం న్యూట్రల్‌ను అనుమానించాలి.

వెంటనే రెండు తీగలనూ కోసే మెయిన్ స్విచ్ ఆపి, లైన్ సిబ్బందికి కబురు పెట్టండి. ఊడిన న్యూట్రల్‌ను చేత్తో ముట్టుకోవద్దు. ఆన్‌లో ఉన్న సామాన్ల గుండా ఫేజు దాకా కలిసే ఉంటుంది కనుక అందులోనూ షాకు ఉంటుంది. సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలిగేది అందుకే.

న్యూట్రల్ బదులు ఎర్తు తీగ కలిపి పని నడిపేవాళ్లున్నారు. అది చాలా ప్రమాదం. ఎర్తు కడ్డీ నిరోధం 20 ఓములుండి, 5 ఆంపియర్లు దాని గుండా పోతే, ఆ ఎర్తుకు కలిపిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ బాడీల మీద 100 వోల్టులు నిలుస్తాయి.