నడుం చుట్టుకొలత 92

గుండె రక్తనాళంలో స్టెంట్ వేసేనాటికి నాకు 51 ఏళ్ళు, ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. "నువ్వేం లావు లేవు కదే" అన్నారు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా. నడుం మాత్రం 92 సెంటీమీటర్లు. మన ఆడవాళ్ళకి 80 దాటితేనే ప్రమాదం. ఎత్తులో సగం లెక్కన చూసినా 77 దగ్గర ఆగాలి.

అంత పెరిగినా తెలియలేదంటే కారణం చీర. పొట్ట పెరిగేకొద్దీ లంగా బొందు వదులుగా కట్టుకుంటూ పోతాం. అందుకే టేపు పెట్టాలి, అదీ బొందు కట్టే చోట కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్యలో, బట్ట అడ్డం లేకుండా, మామూలుగా గాలి వదిలాక కొలవాలి. పొట్ట లోపలికి లాక్కుంటే కొలత తప్పుతుంది.

నెలసరి ఉన్నన్నాళ్ళూ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వల్ల కొవ్వు ఎక్కువగా తొడల్లో, పిరుదుల్లో చేరుతుంది. అది తగ్గాక పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకుంటుంది. వేళ్ళతో పట్టుకుంటే అందే చర్మం కింది కొవ్వు అంత చేటు చేయదు. లోపలిదే కాలేయానికి ఫ్యాటీ యాసిడ్లు పంపి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుని పెంచుతుంది, ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచేయనివ్వదు. నా రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు 212. మంచి కొలెస్ట్రాల్ 50 పైన ఉండాల్సింది 38.

ఛాతీ నొప్పి రానేలేదు. మెట్లెక్కితే దవడ లాగేది, రెండు భుజాల మధ్య బరువు, ఆయాసం. కూర్చుంటే అయిదు నిమిషాల్లో పోయేది. ఒక క్లినిక్‌లో గ్యాస్ అని మూడు వారాలు మాత్రలిచ్చారు. శ్రమతో వచ్చి కూర్చోగానే పోయేదాన్ని గ్యాస్ అని సరిపెట్టుకోకండమ్మా, ఈసీజీ మామూలుగా ఉన్నా సరే గుండె డాక్టర్ని కలవండి. కూర్చున్నా తగ్గకపోతే, చెమటలు పడితే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

స్టెంట్ మణికట్టు దగ్గర నుంచి వేశారు. వారం దాకా ఆ చేత్తో కుక్కర్ కూడా ఎత్తలేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు మాత్రల్లో ఏదీ గుండె డాక్టర్ని అడక్కుండా ఆపకూడదు, పన్ను పీకించుకోవడానికైనా సరే. ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టొచ్చు. డాక్టర్ సరేనన్నాక మొదటి వారం సందులోనే 10 నిమిషాలు నడిచాను, ఆరో వారానికి ఇందిరా పార్కులో 35. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, వేగం అంత. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం 10 సార్లు, మూడు విడతలు. కండ ఉంటేనే చక్కెర ఖర్చవుతుంది.

ఎక్కువ కష్టపెట్టింది నూనె. నలుగురికి నెలకి 5 లీటర్ల డబ్బా అయ్యేది. సగానికి తెస్తే మనిషికి రోజుకి 20 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టీస్పూన్లు. ఆదివారం 600 మిల్లీలీటర్లు సీసాలో పోసి డబ్బా అటక మీద పెట్టేదాన్ని. మొదట్లో గురువారానికే అయిపోయేది, పోపుకి గరిటెతో పోస్తే ఉంటుందా మరి! చెంచాకి మారాక వారం వచ్చింది. రాత్రి అన్నం మాని ఒక జొన్నరొట్టె, దండిగా ఆకుకూర పప్పు తిన్నాను. నడిచొచ్చి టీలో ఉస్మానియా బిస్కట్లు ముంచుకున్నన్నాళ్ళూ మాత్రం నడుం కదల్లేదు.

ఎనిమిది నెలలకి బరువు 55, నడుం 85, ట్రైగ్లిజరైడ్లు 138. తగ్గింది మూడు కిలోలే అయినా నడుం ఏడు సెంటీమీటర్లు దిగింది. పొట్ట లోపలి కొవ్వు ముందు కరుగుతుంది కాబట్టి.

మా చెల్లెలికి 46. అది నాకంటే సన్నం. పోయిన ఆదివారం టేపు పెట్టి చూస్తే 86. సోమవారం పరగడుపున రక్తపరీక్షకి తీసుకెళ్ళాను.