వాకిట్లో ఏడు చుక్కలు: నా ముగ్గుల సాధన ఎంతవరకు వచ్చింది

మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. గుమ్మం ముందు నాలుగడుగుల వెడల్పున టైల్స్ వేసిన వరండా, దాని అవతల లిఫ్టు. మట్టి వాకిలి లేదు, పేడ కల్లాపి లేదు. ఆ కాస్త చోటులోనే కార్తీకమాసం చివర్నుంచి పొద్దున్నే ముగ్గు వేస్తున్నాను. పోటీల కోసం కాదు, పండక్కి ఫొటోల కోసమూ కాదు. రోజు మొదట్లో ఒక పావుగంట చేతికీ కంటికీ తప్ప ఇంక దేనికీ పని పెట్టకుండా ఉంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఎంతో బాగుంది. ఎలా కుదిరిందో సామాన్లతో, కొలతలతో సహా ఇక్కడ రాస్తున్నాను. మొదలుపెట్టాలని ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

కార్తీకం చివర: పిండీ, నేలా

బజార్లో ముగ్గు అని అమ్మేది రాతి పొడి. బరువుంటుంది కాబట్టి పడిన చోటే పడి ఉంటుంది, గీత తెల్లగా కనిపిస్తుంది. బియ్యప్పిండి తేలిక. మరీ మెత్తగా ఆడిస్తే వేళ్లకు అంటుకుని జారదు. కొంచెం బరకగా ఆడిస్తే హాయిగా జారుతుంది. మా అత్తయ్యగారిది తెనాలి. ఆవిడ చెప్పిన పాళ్లు మూడు వంతులు ముగ్గు, ఒక వంతు బియ్యప్పిండి. కలిపి ఒకసారి జల్లెడ పట్టి, మూత గట్టి డబ్బాలో పోసుకోవాలి. జల్లెడ పట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, రాతి దుమ్ము మంచిది కాదు.

బియ్యప్పిండి చీమల కోసం అంటారు. రాయితో కలిపేస్తే వాటికి ఏం మిగులుతుంది? అందుకని నేను గీతలకు కలిపిన పిండి వాడి, చుక్కలు మాత్రం ఉత్త బియ్యప్పిండితో పెడుతున్నాను. తొమ్మిది దాటాక తలుపు తీసి చూస్తే గోడ వార నుంచి చీమల బారు వచ్చి ఉంటుంది. ఒక చుక్క దగ్గర చేరి, అంచు నుంచి రవ్వ రవ్వా తీసుకుపోతాయి. చుక్క ముందు గుండ్రం పోయి నెలవంకవుతుంది, తర్వాత గీరలా మిగులుతుంది, మధ్యాహ్నానికి మాయమవుతుంది. గీతలు మాత్రం అలాగే ఉంటాయి, మధ్యలో చుక్కల్లేకుండా. ఈ సాధనలో నాకు అన్నిటికంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే. నేను పెట్టిన చుక్కలు ఎవరో తిన్నారన్న తృప్తి ఇంకే ముగ్గులోనూ రాలేదు.

టైల్ మీద వేయడానికి ఒక కిటుకుంది. పూర్తిగా ఆరిన టైల్ మీద పొడి నిలవదు, లిఫ్టు తలుపు గాలికే కదులుతుంది. తడి మీద వేస్తే ముద్దవుతుంది. తడిగుడ్డతో తుడిచాక వేలు ఆనించి చూడాలి. చల్లగా తగలాలి, వేలికి నీళ్లు అంటకూడదు. అదీ అదను. మా వరండాలో చలికాలం ఆ అదను రావడానికి కాఫీ తాగేంత సేపు పడుతుంది, ఎండాకాలం వెంటనే వస్తుంది.

ధనుర్మాసం: చుక్క పెట్టడం

డిసెంబరు 16 ప్రాంతంలో నెల పట్టారు. ఆ నెలంతా ఒకే ఒక లెక్కకు కట్టుబడ్డాను: ఏడు చుక్కలు, నాలుగు వరకు, సందు చుక్క. ముగ్గు మారుతుంది కానీ చుక్కలు మారవు. పొద్దున్నే లేచి ‘ఇవాళ ఏం వేద్దాం, ఎంత పెద్దది వేద్దాం’ అని తర్జనభర్జన పడే పని లేకపోతే మనసు నేరుగా నేల మీదికి వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే: చిన్న లెక్క ఒకటి పట్టుకోండి, నెల రోజులు వదలొద్దు.

ముందు నడి వరుసలో ఏడు పెట్టాలి. చుక్కకూ చుక్కకూ మధ్య నాలుగు వేళ్ల ఎడం, అంటే ఇంచుమించు మూడంగుళాలు. అప్పుడు నడి వరుస అడుగున్నర వస్తుంది, మా వరండాకు సరిగ్గా సరిపోతుంది. తర్వాత పైన సందుల్లో ఆరు, దాని పైన ఐదు, ఆ పైన నాలుగు. కిందా అంతే. మొత్తం 37 చుక్కలు. ఇదే పద్ధతిలో 13 నుంచి 7 వరకు వేస్తే 127, 15 నుంచి 8 వరకు అయితే 169 అవుతాయి. పేరులో రెండు చుక్కలే తేడా, పనిలో 42 చుక్కల తేడా!

పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టాలి. మిగతా వేళ్లు మడిచి అరచేతిలో కొంత నిల్వ ఉంచుకోవాలి. వేళ్లు నేలకు దగ్గరగా ఉంటే గీత సన్నగా, పదునుగా వస్తుంది. చెయ్యి పైకి లేచేకొద్దీ చెదురుతుంది. అత్తయ్యగారు ఫోన్లో చూసి, “చెయ్యి ఒక్కటే తిప్పకమ్మా, నువ్వు కూడా జరగాలి దాంతోపాటు” అన్నారు. ఆ మాటతో నా వంపులు మారిపోయాయి. గొంతుక్కూర్చుని చెయ్యి చాచి లాగే వంపు చివర బిగుసుకుంటుంది. నిలబడి నడుం వంచి, అడుగు వెనక్కి వేస్తూ లాగితే వంపు దానంతటది గుండ్రంగా తిరుగుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చిన్న పీట మీద కూర్చుని నాలుగువైపులా జరుగుతూ వేసుకోవచ్చు. నేల పట్టున వేయలేనివాళ్లకు పూజ గదిలో పీట మీద వేసే ముగ్గు ఉండనే ఉంది.

మెలికల ముగ్గులో గీత చుక్కను తాకదు, దాని చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది. ప్రతి మలుపులోనూ ఇప్పుడు కుడికా ఎడమకా అని చూసుకోవాలి. ఆఫీసు సంగతి ఒకటి తలలోకి వచ్చిందా, వేళ్లు బిగుసుకుని పిండి ఆగుతుంది, గీత పలచబడుతుంది. మనసు ఎక్కడికి పోయి వచ్చిందో గీతలో కనబడుతుంది. కళ్లు మూసుకుని ధ్యానం చేయమంటే నాకు నిద్ర వస్తుంది. ఇది మాత్రం కళ్లు తెరిపించే ధ్యానం.

పుస్తకం సంగతి

గళ్ల నోటుపుస్తకంలో ఎడమ పేజీ మీద రాత్రే పెన్సిల్‌తో ముగ్గు వేసుకుంటాను. పొద్దున్న వేశాక కుడి పేజీలో ఒకే ఒక వాక్యం రాస్తాను, ఎవరికి, దేనికి కృతజ్ఞత అని. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెక్‌కలో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. వారానికోసారి తాము కృతజ్ఞతగా తలుచుకునే విషయాలు రాసినవాళ్లు, ఇబ్బందులు రాసినవాళ్లకంటే తమ జీవితం గురించి మెరుగ్గా చెప్పుకున్నారు. పుస్తకం పెట్టుకోవాలన్న ఆలోచన నాకు అక్కడి నుంచే వచ్చింది. కానీ ఏం రాస్తామన్నది ముఖ్యం. ‘ఆరోగ్యానికి, కుటుంబానికి’ అని రాస్తే చేతికి ఏమీ తగలదు. మనిషో వస్తువో ఒకటి, అది చేసిన పని ఒకటి ఉండాలి. నా పేజీల్లోంచి కొన్ని:

“మెట్లు తుడిచే ఆవిడ ముగ్గు పక్కనుంచి చీపురు ఒడుపుగా తిప్పుకుని వెళ్లింది.”

“పాలబ్బాయి ప్యాకెట్లు ముగ్గు మీద పెట్టకుండా తలుపు గొళ్లేనికి తగిలించాడు.”

“పెద్ద జల్లెడ. అమ్మ ఇచ్చింది, ఇంకా ఒక్క చిల్లు పడలేదు.”

రాసినవాటిలో నోటితో చెప్పగలిగినవి చెప్పేస్తున్నాను కూడా. మెట్లు తుడిచే ఆవిడకు చెబితే, “మా ఊళ్లో నేను గూడా మస్తు ఏస్తుంటి” అని ఆ మర్నాడు నా డబ్బాలోంచి పిండి తీసుకుని రెండు వేళ్ల సందుల్లోంచి ఒకేసారి జంట గీత లాగి చూపించింది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు కాస్త ఎడం చేసి, వాటి మధ్య నుంచి పిండి వదలాలి. నాకు ఇప్పుడిప్పుడే సూటి గీతల్లో వస్తోంది, వంపుల్లో ఇంకా రెండు గీతలూ కలిసిపోతున్నాయి.

సంక్రాంతి: తెనాలిలో

అక్కడ మట్టి వాకిలి. కల్లాపి చల్లిన మట్టి మీద ముగ్గు పడితే ఆ తెలుపే వేరు, నేల పిండిని పట్టుకుంటుంది. భోగి రోజు మెలిక, పండగ రోజు గొబ్బెమ్మలు, వాటి మీద గుమ్మడి పూలు. కనుమ నాడు రథం ముగ్గు వేశాం. రథానికి తాడు గీసి, వాకిట్లోంచి వీధిలోకి లాగి, పక్కింటివాళ్ల రథం తాడుతో కలిపాం. వాళ్లు తమది ఆ పక్కవాళ్లతో కలిపారు. మూలమలుపు దాకా నడిచి ఆ తాడు చూసి వచ్చాను. హైదరాబాద్‌లో మా ఫ్లోర్‌లో ఎదురింటి వాళ్లది తమిళ కుటుంబం, వాళ్లు కోలం, అంటే తమిళుల చుక్కల ముగ్గు, వేస్తారు. ఊరి నుంచి వచ్చాక, వచ్చే కనుమకు రెండు గుమ్మాల మధ్య తాడు కలుపుదామని వాళ్లను అడిగాను, సంతోషంగా ఒప్పుకున్నారు.

రంగుల గురించి ఒక మాట. రంగులు నింపడం మొదలుపెడితే పావుగంట కాస్తా గంటవుతుంది, మనసు కూడా గీత వదిలేసి ‘బాగా కనబడుతోందా’ అనే దగ్గరికి పోతుంది. పండక్కి సరే. రోజువారీ సాధనకు తెలుపొక్కటే చాలని నా నమ్మకం. గడప మీద పసుపూ కుంకుమా ఎలాగూ ఉన్నాయి.

మాఘం, ఫాల్గుణం: ఎన్ని గీతలు?

రథసప్తమికి సూర్యరథం వేసి, తర్వాత సందు చుక్కలు మాని, సూటి వరుసల చుక్కలకు మారాను. కింది ఫ్లోర్ అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూలుకు వెళ్తూ ఆగి, “ఆంటీ, ఇది మొత్తం ఒకటే గీతా, రెండా?” అంది. ఆదివారం రంగు సుద్దముక్కలతో కూర్చున్నాం. మూడు వరుసలు, వరుసకు నాలుగు చుక్కలు పెట్టి, గీత ఏటవాలుగా చుక్కల మధ్య నుంచి పోతూ, అంచున తిరిగి లోపలికి వచ్చేలా వేస్తే మొదలుపెట్టిన చోటికే వచ్చింది. ఒకటే గీత. మూడుకు మూడు వేస్తే మూడు రంగులు పట్టాయి. నాలుగుకు ఆరు వేస్తే రెండు. కాసేపు చూసి, “గ.సా.భా. ఆంటీ!” అని అరిచింది. నిజమే. వరుసల సంఖ్యకూ, వరుసలోని చుక్కల సంఖ్యకూ గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) ఎంతో గీతలు అన్ని. ఐదుకు ఏడు వేస్తే ఒకే గీతలో అయిపోతుంది. ఆ పిల్ల మొహం చూడాలి అప్పుడు!

మద్రాసు గణిత పరిశోధకులు గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమలా కృతివాసన్ 1974లోనే కోలాల మీద శాస్త్ర వ్యాసం ప్రచురించారు. కంప్యూటర్ భాషలకు వ్యాకరణం రాసినట్టే చుక్కల ముగ్గులకూ రాయవచ్చని అందులో చూపించారు. మన వాకిళ్లలో చదువు లేదనుకునే అమ్మమ్మల చేతుల్లో ఇంత లెక్క నడిచిందంటే వాళ్లందరికీ దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ రోజు పేజీలో అదే రాశాను.

ఎండలు, వానలు

వేసవిలో పెద్ద విశేషాలు లేవు. టైల్ త్వరగా ఆరిపోతుంది కాబట్టి చిన్నవి, ఐదు నుంచి మూడు వరకు 19 చుక్కలవి వేశాను.

వానాకాలం వరండాలోకి జల్లు కొడుతుంది, పొడి ముగ్గు నిలవదు. సుద్దముక్కను నీళ్లలో ముంచి గీస్తే గీత ఆరాక గట్టిగా తెల్లగా నిలుస్తుంది. శ్రావణ శుక్రవారాలకు పిండి ముగ్గు వేశాను. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి పలచగా చేసి, చిన్న గుడ్డపీలిక ముంచి గుప్పిట్లో పట్టుకుని మెల్లగా నొక్కితే ఉంగరపువేలి కొస మీదుగా జారుతుంది. వేసేటప్పుడు నీళ్ల గీతే కనిపిస్తుంది. ఆరేకొద్దీ ఒక్కో రేకూ తేలుతుంది. అష్టదళ పద్మం వేసిన శుక్రవారం ఎనిమిదో రేకు తెల్లబడేదాకా అక్కడే కూర్చున్నాను. ఫోన్ లోపల మోగుతోంది, లేవబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఎక్కడున్నాను

ఏడు నుంచి నాలుగు వరకు సందు చుక్క ముగ్గుల్లో కొన్ని పుస్తకం చూడకుండా వేయగలను. చుక్కల ఎడం కొలవకుండానే సమంగా పడుతోంది. ఎడమవైపు వంపులు కుడివైపు వాటంత బాగా రావు, అందుకని ప్రతి ముగ్గూ ఎడమ నుంచే మొదలుపెడుతున్నాను.

వచ్చే ధనుర్మాసానికి 13 నుంచి 7 వరకు మెలిక అనుకున్నాను. వరుస పొడవు మూడడుగులు అవుతుంది, వరండాలో పడుతుంది కానీ నడిచే దారి ఉండదు, కాబట్టి ఎడం మూడు వేళ్లకు తగ్గించాలి. ఎడం తగ్గితే గీత ఇంకా సన్నగా రావాలి, దానికి పిండి పాళ్లు మార్చాలి. ఈసారి రెండు వంతులు ముగ్గుకు ఒక వంతు బియ్యప్పిండి కలిపి చూస్తాను. ఎదురింటావిడ కూడా అదే డబ్బాలోది వాడతానన్నారు, అందుకని రెట్టింపు కొంటున్నాను.