ఓరుగల్లు కోట: తోరణాలు దాటిన తర్వాత

"కోటలో ఏముంది అక్కా, నాలుగు కమాన్లే కదా. అరగంటలో చూపించి తీసుకొస్తా." హనుమకొండ చౌరస్తాలో ఆటో అబ్బాయి ఈ మాట అన్నప్పుడు ఇంకా బేరం తెగలేదు కాబట్టి ఊరుకున్నాను. పోను, రాను, మధ్యలో ఆగినందుకు అన్నీ కలిపి ఐదు వందలు అడిగాడు. కరీంనగర్ నుంచి డెబ్బై కిలోమీటర్లు ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్‌తో వచ్చినదాన్ని, ఊళ్లో తిరగడానికి ఐదు వందలంటే ప్రాణం ఒప్పలేదు. చివరికి ఒకవైపుకే రెండు వందలకు కుదిరింది. అదే మంచిదైంది. కింద మీటరు తిరుగుతుంటే, పక్కన మనిషి హారన్ కొడుతుంటే ఏ కోటనూ చూడలేం.

వచ్చింది మాఘమాసం పెళ్లికి. రాత్రి లగ్నం కావడంతో తెల్లవారేసరికి విడిదింట్లో అందరూ నిద్రలో ఉన్నారు. నాకు మాత్రం ఓరుగల్లు దాకా వచ్చి కోట చూడకుండా మళ్లీ బస్సెక్కడం ఇష్టం లేదు. చిన్నప్పుడు స్కూలు విహారయాత్రలో తోరణం ముందు నిలబెట్టి ఫొటో తీసి, వెంటనే బస్సెక్కించి రామప్పకు తీసుకెళ్లారు. ఆ అసంతృప్తి ఇన్నేళ్లూ అలాగే ఉండిపోయింది.

ఎంజీఎం ఆసుపత్రి, వరంగల్ చౌరస్తా, స్టేషన్, అండర్ బ్రిడ్జి, శివనగర్. దారి తెలిసిందే. శివనగర్‌లో ఇళ్ల మధ్య ఉన్న మెట్లబావి దగ్గర రెండు నిమిషాలు ఆపమన్నాను. రాతి స్తంభాలతో అంతస్తులుగా నేలలోకి దిగిన కాకతీయుల కాలపు బావి అది. చుట్టూ డాబాలు, ఆరేసిన బట్టలు. రాజధాని ఇక్కడి నుంచే మొదలవుతుంది, కానీ ఆటోలు ఆగవు.

అసలు ఆశ్చర్యం రాతికోట పడమటి ద్వారం దగ్గర. అక్కడ దారి తిన్నగా లోపలికి పోదు. మొదటి వాకిలి దాటగానే ఎదురుగా గోడ. పక్కకు తిరగాలి, మళ్లీ ఇంకో వాకిలి, మళ్లీ మలుపు. ఊపుగా వచ్చే శత్రుసేన ఆ గోడ దగ్గర ఆగి, తిరిగి, ఇరుకులో చిక్కుకోవాలి. పైనున్న కాపలావాళ్లకు అదే అదను. కాకతీయ రాజు గణపతిదేవుడు మొదలుపెట్టించి, కూతురు రుద్రమదేవి ఇంకా ఎత్తు చేయించి, బలపరిచిన గోడ ఇది. ఇప్పటికీ ఆ మలుపు తన పని తాను చేస్తూనే ఉంది. లోపలి నుంచి మిర్చి బస్తాల ట్రాక్టరు ఏనుమాముల మార్కెట్‌కు బయల్దేరింది, బయటి నుంచి స్కూలు వ్యాను వచ్చింది, రెండూ మలుపులో ఎదురుపడ్డాయి. ఎవరూ వెనక్కి తీయలేని పరిస్థితి. వెనక మా ఆటో, మా వెనక బైకులు. తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకరు ఎక్కడి నుంచో వచ్చి, "నువ్వు ఆగు, నువ్వు తియ్యి" అంటూ చెయ్యి ఊపుతూ పావుగంటలో చిక్కు విడదీశారు. రోజూ చేసే పనేనట.

ఆ పావుగంటా నేను ఆటో దిగి గోడ చూశాను. సున్నం లేదు, గచ్చు లేదు. నల్లసేనపు రాళ్లను ఒకదానికొకటి సరిపోయేలా చెక్కి పేర్చారు. రాయిని చీల్చడానికి వరసగా కొట్టిన చిన్న చిన్న ఉలి గుంటలు కొన్ని రాళ్ల అంచుల్లో ఇంకా కనిపిస్తున్నాయి. మలుపు మూలనున్న రాయి మీద మాత్రం నడుము ఎత్తున నీలం, ఎరుపు, పసుపు చారలు. అన్నీ ట్రాక్టర్లు, వ్యాన్లు రాసుకుంటూ వెళ్లిన రంగులు. ఎనిమిది వందల ఏళ్ల నాటి రాయి మీద ఆ గీతలు చూస్తే మనసు చివుక్కుమంది. పిల్లలు బడికి వెళ్లడానికి, పంట మార్కెట్‌కు చేరడానికి ఈ దారే దిక్కు. ట్రాక్టరు అబ్బాయిని ఏమని తిట్టను? బరువు బండ్లకు వేరే దారి చూపించాల్సింది పెద్దవాళ్లు.

మధ్యకోటలో టికెట్ తీసుకుని లోపలికి వెళ్లాను. తోరణాల గురించి కొత్తగా చెప్పేదేముంది. తెలంగాణ వచ్చినప్పుడు రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కినవి, ప్రతి ఇంట్లో ఏదో ఒక కాగితం మీద ఉన్నవి. అయినా దగ్గరికి వెళ్లి తలెత్తితే మాట పడిపోతుంది. నాలుగు దిక్కులా నాలుగు, మధ్యలో ఒకప్పుడు స్వయంభూ శివుడి ఆలయం. 1323లో చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఓడిపోయాక ఢిల్లీ సేనలు ఆలయాన్ని నేలమట్టం చేశాయి, తోరణాలను వదిలేశాయి. ఇప్పుడు ఆ మధ్య స్థలమంతా విరిగిన స్తంభాలు, దూలాలు, నందులు, పైకప్పు పలకలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఒక పలక మీద హంసల బారు చెక్కారు. ఏ హంసకు ఆ హంస వేరు: ఒకటి వెనక్కి తిరిగి చూస్తోంది, ఒకటి ముక్కుతో తీగ పట్టుకుంది. చివరి హంస దగ్గర రాయి విరిగిపోయింది, కాళ్లు మాత్రం మిగిలాయి. నేను అక్కడ కూర్చున్నంతసేపూ జంటలు, కుటుంబాలు వస్తూ, తోరణం కింద నిలబడి ఫొటోలు దిగి, వెళ్లిపోతూ ఉన్నారు. ఈ రాళ్ల వైపు తొంగిచూసినవాళ్లు తక్కువ. వాళ్లకు దారి చూపే మనిషి అక్కడ లేడు.

ఖుష్‌మహల్ తొందరగా చూసి బయటపడ్డాను. లోపలికి వాలిన మందపాటి గోడలు, పెద్ద కమానులు, తర్వాతి కాలపు కట్టడం. చల్లగా ఉంది, అంతే.

అక్కడి నుంచి సందుల్లోకి నడిచాను. కోటలో ఊరుందని చాలామందికి తెలుసు, కానీ చూడటానికి వచ్చేది తక్కువ. ఒక ఇంటి ముందు వాకిట్లో ఎర్రటి మిర్చి ఆరబోశారు. చపాటా మిర్చి, మా వైపు టమాటా మిర్చి అంటాం. గుండ్రంగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ, పచ్చడికి దానికి మించింది లేదు. పక్కన అరుగు మీద కూర్చున్న ముసలావిడ పలకరించింది.

"ఫొటోలు అయిపోయాయా బిడ్డా?"

"అయిపోయాయి అవ్వా. ఊరు చూద్దామని ఇటు వచ్చాను."

"ఊరు ఎవరు చూస్తారు! అందరూ కమాన్ల దగ్గరి నుంచే వెనక్కి పోతారు. రా, కూర్చో, ఎండగా ఉంది."

కూర్చున్నాను. చెంబుతో నీళ్లు, కాసేపటికి పళ్లెంలో సర్వపిండి ముక్క. గిన్నెలో అద్ది కాల్చిన ఆ అంచు కరకర, మధ్యలో శనగపప్పు, నువ్వులు. రాత్రి పెళ్లి భోజనంలో తిన్న పదార్థాలేవీ ఇప్పుడు గుర్తులేవు గానీ ఆ ముక్క రుచి నాలుక మీదే ఉంది.

మాటల్లో ఆమె ఇంటి సంగతి చెప్పింది. పెంకుటిల్లు, వెనక గోడ ఒరిగింది, దాని మీద నీలం పట్టా కప్పి ఉంది. కొడుకు స్లాబు ఇల్లు కట్టాలనుకున్నాడు, కుదరలేదు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి వంద మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్లు అనుమతి ఉంటేనే. కోటలో ఎటు చూసినా కట్టడాలే, ఇక వంద మీటర్లు కొలిస్తే ఊళ్లో సగం దానిలోకే వస్తుంది. కొడుకు భార్యాపిల్లలతో రంగశాయిపేటలో అద్దెకు వెళ్లిపోయాడు. మరమ్మతుకు అనుమతి అడగవచ్చని చట్టంలో ఉంది. ఏ కాగితం, ఎక్కడ, ఎవరికి ఇవ్వాలో ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

"కోట మాకు అడ్డం కాదు బిడ్డా. మా అత్త కాపురానికి వచ్చింది ఈ ఇంటికే, నేనూ ఈ ఇంటికే. గోడ కూలకముందే నిలబెట్టుకుంటామంటే వినేవాళ్లు కావాలి."

ఆ చట్టం వద్దని నేను అనను. అది లేకపోతే ఈపాటికి తోరణాల వెనక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచేది, ఆ ఫొటో ఎవరికీ మిగిలేది కాదు. కానీ వద్దు అన్న చోటే ఏది చేయవచ్చో కూడా చెప్పాలి. ఎంత ఎత్తు, ఏ కప్పు, ఏ రంగు అన్నది తెలుగులో రాసి, మధ్యకోటలోనే ఒక బల్ల వేసి, వారానికి ఒక్క రోజు ఒక మనిషిని కూర్చోబెడితే ఈ అవ్వ గోడ నిలబడుతుంది.

మా కరీంనగర్ పక్కన ఎలగందుల కోట ఉంది. మానేరు ఒడ్డున, గుట్ట మీద, చూడటానికి అందమే. కానీ కోటలో ఇప్పుడు కాపురాలు లేవు, సాయంత్రం దాటితే పలికే గొంతు ఉండదు. బురుజుల మధ్య ముళ్లపొదలు, గోడల మీద ప్రేమికుల పేర్లు. ఆ కోటకు వెళ్లినప్పుడల్లా దిగులుగా తిరిగొస్తాను. ఇక్కడ పశువులు ఇంటికొస్తాయి, పిల్లలు గోలీలాడతారు, శంభుని గుడిలో గంట మోగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లను చూడగానే "ఎవరింటికి?" అని అడుగుతారు. మనుషులున్న కోటకు అంతకంటే మంచి కాపలా ఎవరు?

అవ్వ మనవడు, ఇంటర్ చదువుతున్నాడు, మట్టికోట చూపిస్తానని బయల్దేరాడు. రాతికోట దాటితే చుట్టూ పొలాలు: మిర్చి, మొక్కజొన్న. వాటి అవతల నేల హఠాత్తుగా గుట్టలా లేస్తుంది. ఎండిన గడ్డి, తుమ్మచెట్లు, మేకలు. గుట్ట అనుకుని దాటిపోతాం, కానీ అది గోడ. దాదాపు రెండున్నర కిలోమీటర్ల అడ్డుకొలతతో నగరం చుట్టూ గుండ్రంగా పోసిన మట్టిగోడ. 1310లో ఢిల్లీ సేనాని మలిక్ కాఫూర్ సేన ముందుగా తలపడింది దీనితోనే. దీని గట్టితనం గురించి ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో అంతటివాడు రాశాడు. ఎక్కి నిలబడితే ఒకవైపు ఏకశిల గుట్ట, మధ్యలో పచ్చటి పొలాలు, రెండోవైపు గోడను ఆనుకుని వచ్చేస్తున్న కొత్త కాలనీల నీళ్ల ట్యాంకులు. రాజధాని ఎంత పెద్దదో నాకు అక్కడ నిలబడ్డప్పుడే అర్థమైంది. తోరణాల దగ్గర ఎంతసేపు నిలబడ్డా అది తెలియదు.

కొంత దూరం పోయాక గోడను తవ్వేసిన చోటు చూపించాడు. జేసీబీ పళ్ల గుర్తులు నిలువునా దిగి ఉన్నాయి. మట్టి ఎవరు, ఎప్పుడు తీసుకెళ్లారో అతనికి తెలియదు. నాకు గొంతు పూడుకుపోయింది.

పొద్దున్నే వేయిస్తంభాల గుడిలో కల్యాణ మండపం చూసి వచ్చాను. 2006 ప్రాంతంలో విప్పి, రాళ్లకు నంబర్లు వేసి పక్కన పెట్టి, మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. ఎంత ఆలస్యమైనా పని అయింది, స్తంభాలు అద్దంలా మెరుస్తున్నాయి, ఇసుక వేస్తే రాలనంత జనం. రాతికి నంబరు వేసి మళ్లీ పేర్చవచ్చు. మట్టికి నంబరు వేయలేం. ఏ ఇంటి పునాదిలోనో కలిసిపోయిన కోటను ఎవరు వెనక్కి తేగలరు? అందుకే ముందు కాపాడాల్సింది మట్టికోటనే అని నాకు గట్టిగా అనిపిస్తోంది. పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. హద్దురాళ్లు, గోడ వెంట నడవడానికి ఒక కాలిబాట, ఇది రాణి రుద్రమ నగరపు గోడ అని చెప్పే బోర్డులు చాలు.

మా ఆడపడుచు హుజూరాబాద్‌లో టీచరు. ఏటా పిల్లల్ని రామప్ప గుడికి, లక్నవరం చెరువుకు తీసుకెళ్తూ దారిలో కోట దగ్గర అరగంట ఆపుతారు. ఇంటికి రాగానే ఫోను చేసి, ఈసారి లక్నవరం మానేసి పూర్తి రోజు కోటకే ఇవ్వమన్నాను. పడవ లేదంటే పిల్లలు ఏడుస్తారని మొదట సందేహించింది, మట్టికోట ఫొటోలు పంపాక ఒప్పుకుంది. డిసెంబరులో అయితే ఎండ ఉండదు, మిర్చి చేలు కూడా పచ్చగా ఉంటాయి. పడమటి ద్వారం దగ్గర బస్సు దించేసి లోపలికి నడిపించమని, మట్టికోట మీద నీడ, నీళ్లు ఉండవు కాబట్టి ప్రతి పిల్లవాడి చేతికి సీసా ఇవ్వమని చెప్పాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరవడానికి అవ్వ వాళ్ల వాకిలి చాలుతుందో లేదో మనవడినే అడగాలి.