ఫ్యాను, వేరుశనగ పొట్టు, సోమాలి ప్రవాహం: నా అనుభవం

అనంతపురం ప్రాంతంలో ఆషాఢపు గాలిని ఎవరికీ పరిచయం చేయనక్కరలేదు. చినుకు పడని రోజుల్లోనూ అది పడమటి నుంచి హోరున వీస్తుంది. నేను సాంఘిక శాస్త్రం బోధించే పదో తరగతి పిల్లల్లో చాలామంది సముద్రాన్ని చూడలేదు. అందుకే తాము ఎరిగిన ఈ గాలే సముద్రపు నీటిని ఎలా నడిపిస్తుందో వారి చేతనే విజ్ఞాన ప్రదర్శనలో చూపించాలనుకున్నాను.

వెడల్పాటి తొట్టిలో నీళ్లు నింపి, పైన వేరుశనగ పొట్టు చల్లి, ఒక పక్కన టేబుల్ ఫ్యాను పెట్టాము. పొట్టు ఎదుటి అంచుకు సాగింది. ఫ్యానును అవతలి పక్కకు మార్చగానే కాసేపు తచ్చాడి వెనక్కి మళ్లింది. నైరుతి రుతుపవనాల కాలంలో సోమాలియా తీరం వెంబడి ఈశాన్యంగా, సెకనుకు 2 మీటర్లకు మించిన వేగాన్ని కూడా అందుకునే ప్రవాహం, చలికాలంలో ఈశాన్య గాలులు స్థిరపడ్డాక నైరుతికి తిరుగుతుందని చెబితే పిల్లలు వెంటనే గ్రహించారు.

అయితే వానాకాలంలో ఆ తీరపు నీరు చల్లబడుతుందని, పైనీరు ఒడ్డును వదిలిపోగా అడుగు నీరు పైకి రావడమే అందుకు కారణమని చెప్పినప్పుడు ఒక అమ్మాయి, "గాలి ఒడ్డు వెంబడే పోతుంటే నీళ్లు ఒడ్డును వదిలి ఎందుకు పోతాయి సార్?" అని అడిగింది. మా తొట్టిలో దానికి జవాబు లేదు, ఎందుకంటే తొట్టి తిరగదు, భూమి తిరుగుతుంది.

వారం రోజులు చదివాక గుండ్రటి అట్టముక్కతో మళ్లీ మొదలుపెట్టాము. ఒకరు అట్టను గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిప్పుతుండగా, మరొకరు స్కేలు ఆసరాగా మధ్య నుంచి అంచుకు తిన్నగా సుద్దగీత గీశారు. అట్టను ఆపి చూస్తే గీత కుడివైపుకు వంగి ఉంది. ఉత్తరార్ధగోళంలో గాలి నెట్టిన పైపొర నీరు మొత్తం మీద గాలికి కుడివైపుగా, లంబంగా కదులుతుందని స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మాన్ 1905లో వివరించినది ఆ గీత సాయంతోనే పిల్లలకు అందింది.

నన్ను ఎక్కువగా కష్టపెట్టింది మన తీరమే. ఆంధ్ర తీరం వెంబడి ప్రవాహం నైరుతి రుతుపవనాలు రాకముందే, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరానికి బలంగా సాగుతుంది. అక్టోబరు తర్వాత దక్షిణానికి తిరుగుతుంది. స్థానిక గాలితోపాటు అఖాతం నడుమ వీచే గాలులు, భూమధ్యరేఖ వైపు నుంచి తీరం పట్టుకొని వచ్చే అలలు కూడా దాన్ని నడిపిస్తాయి. అందువల్ల పటంలో నైరుతి రుతుపవనాల బాణాలన్నీ నీలంతో నింపినా, మచిలీపట్నం ఎదుట మార్చి నెల బాణాన్ని మాత్రం పిల్లలతో ఎర్రరంగుతో వేయించాను.