క్లినిక్‌లో ‘ఇవాళే చూడాలి’ అని వచ్చేవాళ్లకు చీటీలు (టోకెన్లు) ఎన్ని ఆపుకోవాలి?

ఆంధ్రా సరిహద్దును ఆనుకున్న ఒడిశాలోని పర్లాకిమిడి లాంటి ఊళ్లో ఫ్యామిలీ డాక్టరు దగ్గర మూడు రకాల జనం ఒకే బెంచీ మీద కూర్చుంటారు: నెలనెలా బీపీ, సుగరు చూపించుకునేవాళ్లు, రాత్రి నుంచి జ్వరంతో ఉన్నవాళ్లు, గుండె పట్టుకుని ఆటో దిగినవాళ్లు. ఈ చివరివాళ్లకు అసలు చీటీయే ఉండకూడదు. గుండెనొప్పి, ఆయాసం, ఒక పక్క చెయ్యి పడిపోవడం, ఫిట్స్, గర్భిణికి రక్తస్రావం, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం... తెలుగులో చెప్పినా, ఒడియాలో చెప్పినా, గిరిజనుల సవర భాషలో చెప్పినా కాంపౌండరు వరస ఆపి లోపలికి పంపాలి. గుండెనొప్పికి పది నిమిషాల్లో ఈసీజీ అయిపోవాలి. పాముకాటుకైతే విరుగుడు ఇంజెక్షను లేని క్లినిక్‌లో కూర్చోబెట్టడమే తప్పు, వెంటనే 108కి ఫోను చేయాలి.

అసలు తంటా మిగతా రెండు రకాలతో. 9 నుంచి 1 దాకా 240 నిమిషాలు, మనిషికి 8 చొప్పున 30 చీటీలు. డాక్టరు వెనకబడితే సర్దుకోవడానికి గంటకొకటి ఖాళీగా వదిలితే 26. అన్నీ ముందే ఫోన్లో రాసేసుకుంటే పదిన్నరకల్లా వరస చెడుతుంది. ఏ రోజున ఎంతమంది ‘ఇవాళే చూడాలి’ అని వచ్చారో నాలుగు వారాలు పుస్తకంలో గీతలు పెట్టండి. చూడలేక తిప్పి పంపినవాళ్లకూ గీత పడాలి, అందరూ వదిలేసేది దాన్నే. సోమవారం, సంత రోజు విడిగా లెక్కేసుకోవాలి. మామూలు రోజు 10 తేలితే 10 ఆపుకోండి. సగం 9కి, సగం 11కి ఇవ్వండి. లేకపోతే పాతపట్నం నుంచి బస్సులోనో, గుణుపురం వైపు నుంచి రైల్లోనో వచ్చినవాళ్లకు ఏమీ మిగలదు.

మరీ ఎక్కువ ఆపుకున్నా చిక్కే. మామూలు చూపుకి మూడు వారాలు ఆగమంటే, మాత్రలు అయిపోయినాయన ‘ఆయాసంగా ఉందండీ’ అంటాడు. ఆ అబద్ధం మనం నేర్పిందే. బీపీ అదుపులో ఉన్నవాళ్లకు మూడు నెలల మందులు రాసి, నడుమ నర్సు చేత బీపీ చూపిస్తే చాలు. ఫీజు పోతుందని బెంగ ఉంటుంది గానీ, ఆ చీటీ ఖాళీగా ఉండిపోయే ఊరు కాదిది.

ఇక్కడి జ్వరాలకు మలేరియా ర్యాపిడ్ టెస్టు ముందే చేసేయాలి. వేలి చివర చుక్క రక్తం, 15–20 నిమిషాలు, అంతే. డాక్టరు చూసి రాసి మళ్లీ చూడాలంటే ఒక్క మనిషికి రెండు చీటీలు ఖర్చు.

పరగడుపున సుగరు పరీక్షకు వచ్చినవాళ్లను మాత్రం ఏ అత్యవసరం వచ్చినా వెనక్కి తోయకూడదు. వాళ్ల రక్తానికి డాక్టరు అక్కర్లేదు, తలుపు తీయగానే తీసుకుని టిఫినుకు పంపేయాలి. సుగరు మాత్ర, ఇన్సులిన్ అప్పుడే, తిండితోనే. టిఫిను మొదలుపెట్టిన రెండు గంటలకు రెండో రక్తం కాబట్టి, ఆ టైము చీటీ వెనకాల రాయించి, డాక్టరు చూపు ఆ తర్వాతే పెట్టండి.