బాల్టిమోర్ నుంచి గుంటూరుకు

బ్యాంకులో పాతికేళ్లు పద్దులు చూసినవాణ్ని. మా ఊరి కాలేజీ చరిత్ర చదువుతున్నా ముందుగా ఖర్చులే అడుగుతాను. గుంటూరు ఆంధ్రా క్రిస్టియన్ (ఏ.సి.) కాలేజీకి మూలపురుషుడైన లూథరన్ మిషనరీ హయ్యర్ గారి ప్రయాణం నన్ను అందుకే పట్టుకుంది.

అమెరికాలోని పెద్ద మిషన్ బోర్డు కింద పనిచేయడం ఆయనకు ఇష్టం లేదు. పెన్సిల్వేనియాలోని సొంత సంఘం డబ్బుతోనే బయలుదేరారు. ముందు బాల్టిమోర్‌లో వైద్యం, సంస్కృతం నేర్చుకున్నారట. వైద్యం సరే, గుంటూరు బజారులో సంస్కృతం ఎవరితో మాట్లాడాలని? 1841లో బోస్టన్‌లో ఓడ ఎక్కే నాటికి వయసు నలభై ఎనిమిది.

మద్రాసు నుంచి ఇటు రావడం మాత్రం అమెరికాలో కాగితం మీద గీసిన పథకం కాదనే నా అభిప్రాయం. గుంటూరు కలెక్టర్ హెన్రీ స్టోక్స్ రమ్మన్నారు, అండగా నిలబడ్డారు. 1842 జులై 31న హయ్యర్ ఇక్కడ దిగారు. డొక్కల కరువు జిల్లాను తుడిచిపెట్టి అప్పటికి పదేళ్లే. బడులు, మందులు ముందు పెట్టడంలో ఆయన లెక్క తప్పలేదు.

1869లో రాజమండ్రిలోని లూథరన్ మిషన్‌ను వేరే సంఘానికి అప్పగించేయాలనే ఆలోచన నడిచింది. అప్పటికి ఇండియా వదిలి వెళ్లిపోయిన హయ్యర్, డెబ్బై దాటిన మనిషి, నేను వెళ్తానని మళ్లీ ఓడెక్కారు.